సూది తర్వాత అరగంట

దేవ్లాకు ఆటో నడపడం వచ్చు, ఆపడం రాదు. ములకలపల్లి సెంటర్లో జనం ఎక్కుతున్నా ఇంజిన్ ఆపడు. ఒక కాలు లోపల, ఒక కాలు రోడ్డు మీద పెట్టి, హ్యాండిల్ మీద వేళ్లతో దరువేస్తూ "జల్దీ, జల్దీ" అంటుంటాడు. టీ నిలబడి తాగుతాడు. అన్నం కూడా నిలబడే తింటాడని అతని భార్య ద్వాలి చెబితే నేను నమ్మలేదు. తర్వాత ఒకరోజు కళ్లారా చూశాను. పళ్లెం ఎడమచేత్తో పట్టుకుని వాకిట్లో అటూ ఇటూ తిరుగుతూ తింటున్నాడు.

"కూసుంటే అన్నం దిగదు మేడం" అన్నాడు.

కూర్చుని తినే మిగతా లోకానికి ఎలా దిగుతోందని అడిగాను. నవ్వుతూ ఇంకో చుట్టు తిరిగాడు.

మాది మధిర. దేవ్లా వాళ్ల తండాలో ఉన్న బడికి నేను టీచర్ని. ములకలపల్లిలో గది కిరాయికి తీసుకుని ఉంటాను. పొద్దున్న అతని ఆటోలో అడవి అంచుకు పోవడం, సాయంత్రం అదే ఆటోలో తిరిగి రావడం. నా ఓపికలో సగం పిల్లలకు పోతే, మిగతా సగం దేవ్లాకు పోతుంది. అతను మంచివాడు. కానీ నిప్పు తొక్కిన కోతి పక్కన రోజూ కూర్చుని ప్రయాణం చేస్తే మంచివాళ్ల మీద కూడా కోపం వస్తుంది.

అతని సీటు పక్కన, ఇంకో మనిషి సగం కూడా పట్టని చోట, భూర్యా కూర్చుంటుంది. గోధుమరంగు కుక్క. ఒక చెవి నిలబడి ఉంటుంది, ఒకటి వాలి ఉంటుంది. రాత్రిళ్లు మొక్కజొన్న చేను కాడ అడవిపందుల్ని తరుముతుంది, పగలు ఆటోలో ఊరేగుతుంది. నాకు కుక్కలంటే ప్రేమేమీ లేదు, భయం. అందుకే నేనెప్పుడూ వెనక సీట్లో ఆ చివరన కూర్చుంటాను.

ఆ తండాలో కుక్కల మాటెత్తితే హేమ్లి పేరు రాకుండా ఉండదు. హేమ్లి పెద్దావిడ. కిందటేడు ఆమె కొడుకు కిషన్‌ను ఒక వీధికుక్క కరిచింది. పసరు కట్టారు, మెడలో అంత్రం వేయించారు. పుండు మానింది, అందరూ మరిచిపోయారు. తర్వాత నీళ్లు చూస్తేనే బెదిరిపోయి, పెళ్లీడు కొడుకు ఆమె కళ్లముందే పోయాడు. అప్పటినుంచి హేమ్లి చేతికి కర్ర వచ్చింది. తండాలో ఏ కుక్క ఎదురుపడినా కొడుతుంది. ఎవరూ ఆమెను ఏమీ అనరు. ఏమని అంటారు?

ఈ చలికాలం పక్క ఊళ్లో ఒక పిచ్చికుక్క ఇద్దరిని కరిచిందని తెలియగానే తండాకు నిద్ర పట్టలేదు. తండా పెద్ద నాయక్ వాకిట్లో అందరూ కూడారు. అన్నంలో మందు కలిపి తండా కుక్కలన్నిటినీ చంపెయ్యాలని హేమ్లి పట్టుబట్టింది. చాలామంది తలలూపారు. పశువుల డాక్టరు వచ్చి పిచ్చి రాకుండా ఉచితంగా సూదులు వేస్తాడని నేను చెబితే, సూది వేస్తే బాగున్న కుక్కకే పిచ్చి లేస్తుందని ఒకరు, సూది వేసిన రోజే చస్తుందని ఒకరు అన్నారు.

అప్పుడు దేవ్లా, అలవాటు ప్రకారం నిలబడే, మాట ఇచ్చేశాడు.

"ఎల్లుండి డాక్టరు సారు బడి కాడికి వస్తడు. రేపు ముందుగాల నా భూర్యాకు ఏపిచ్చుకొస్త. దానికేం కాకుంటే మీరు కూడా మీ కుక్కల్ని తోల్కరాండ్రి."

"దానికేమన్నా అయితే?" అన్నాడు నాయక్.

"అయితే ఇంక మీ ఇష్టం."

ముందూ వెనకా చూడని మాట. ఒక్క భూర్యా మీద తండా కుక్కలన్నిటి ప్రాణాలూ పెట్టేశాడు. వాటితోపాటు చేల మీద కాపలా కూడా. కుక్కలు లేని తండాలో పందులు ఒక్క పంటను కూడా ఇంటికి రానివ్వవు. ఆ సంగతి అందరికీ తెలుసు, కానీ భయానికి లెక్కలు చెప్పలేం కదా.

మర్నాడు పొద్దున్న ఆటో పశువుల దవాఖానా ముందు ఆగింది, ఇంజిన్ ఆగకుండానే. వెనక నేనూ, నా పక్కన వెంకటనారాయణ గారూ. ఆయన కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డ మిర్చి రైతు. కాళ్ల దగ్గర పురుగుమందు డబ్బాల సంచి పెట్టుకున్నారు. డాక్టర్ రవీందర్ భూర్యా మెడ దగ్గర చర్మం పైకి లాగి సూది వేశాడు. అది కుయ్యిమని కూడా అనలేదు.

"అరగంట ఇక్కడనే కూర్చో" అన్నాడు డాక్టర్. "కొన్నిటికి పడదు. మొహం వాచినా, దద్దుర్లు లేచినా, కక్కినా జల్దీ నాకు చూపియ్యాలె."

"సరే సారు" అని దేవ్లా బెంచీ మీద కూర్చున్నాడు. కూర్చున్నాడనేది పెద్ద మాట, బెంచీకి ఆనాడు. రోడ్డు వైపు చూశాడు. తన ఆటో వైపు చూశాడు. వెంకటనారాయణ గారు ముందు సీటు మీదికి వంగి తనే హారన్ కొట్టారు. "ఏమయ్యా, కూలీలు చేలో నా కోసం కాచుకునున్నారు!" అన్నారు. ఆ కేక చాలు. దేవ్లా కుక్కను చంకనెత్తుకుని వచ్చేశాడు.

"అరగంట అన్నారు కదా డాక్టరు గారు" అన్నాను.

"పొయ్యేకాడ చూస్కుంట పోదాం మేడం. గిది గట్టి పిండం."

"నువ్వు కూర్చో, మేము నడిచిపోతాం."

అంత దూరం అడవిదారిలో ఎలా నడుస్తామో నాకే తెలియదు. వెంకటనారాయణ గారు నన్ను వింతగా చూశారు. ఆటో అప్పటికే రోడ్డెక్కింది.

పామాయిల్ తోటలు దాటాక ఫోన్లకు సిగ్నల్ పోతుంది. సరిగ్గా అక్కడే భూర్యా మూతిని ఇనప కడ్డీకేసి రుద్దడం మొదలుపెట్టింది. తల విదిలించింది. ముందుకాలితో కన్ను గీరుకుంది. లేచింది, కూర్చుంది, మళ్లీ లేచింది. యజమాని గుణం కుక్కకు అబ్బిందని నేను లోపల నవ్వుకున్నాను కూడా. ఆ నవ్వు పూర్తి కాకముందే అది వంగి భళ్లున కక్కింది. మూతి నుంచి జొల్లు తీగలాగా కారుతోంది.

"మందు తాగిందయ్యా!" అని అరిచారు వెంకటనారాయణ గారు. "నా సంచీ వాసన చూసింది, డబ్బా నాకేసుంటుంది!"

మా మిర్చి సీమలో ఎవరైనా కక్కుతూ జొల్లు కార్చుకుంటే ముందు వచ్చే ఆలోచన అదే. మనిషైనా, గొడ్డైనా, కుక్కైనా. ఆ వెంటనే చేతులు వెతికేది సబ్బు నీళ్ల కోసం. ఎంతమందికి అలా పట్టించారో, ఎంతమంది దక్కారో ఎవరూ చెప్పరు. కానీ సబ్బు నీళ్లు పట్టించని ఇల్లు మాత్రం ఉండదు.

దేవ్లా ఆటో ఆపిన చోటికి ఆయన చేను పక్కనే. మందు కొట్టాక చేతులు కడుక్కోవడానికి గట్టు మీద బకెట్టు, సబ్బు ఎప్పుడూ ఉంటాయి. ఆయన సబ్బు అరగదీసి తెల్లటి నీళ్లు చెంబుతో తెచ్చారు. దేవ్లా కుక్క నోరు రెండు చేతులా తెరిచాడు. వెంకటనారాయణ గారు పోశారు. ఒక గుక్క పోయిందో లేదో, భూర్యా గిలగిల కొట్టుకుంది. దగ్గింది. గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు ఈలలాంటి చప్పుడు వచ్చింది. మూతి నిండా నురగ.

"చూశారా నురగ? నేను చెప్పలా, మందే!" అన్నారాయన, మళ్లీ చెంబు ముంచుతూ.

ఆయన పోసిన సబ్బు నురగే అది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషితో అప్పుడు వాదించే తీరిక ఎక్కడిది! నేను సంచి లాగి డబ్బాలు చూశాను. అన్నిటికీ మూత మీద సీలు అలాగే ఉంది. ఒక్కటి కూడా కారలేదు.

"సీలు తియ్యలేదండీ ఒక్కదానికి కూడా" అన్నాను.

దేవ్లా ఆ మాట విన్నాడో లేదో. కుక్క పొట్ట కింద చెయ్యి పెట్టి అలాగే ఆగిపోయాడు. తర్వాత మెడ తడిమాడు, తొడల లోపల తడిమాడు.

"మేడం, గిటు చూడండ్రి. గడ్డలు."

వెంట్రుకలు పలచగా ఉన్నచోట మొక్కజొన్న గింజలంత దద్దుర్లు, ఒకదాని పక్కన ఒకటి. అప్పుడు మొహం చూశాను. నిజంగా చూశాను. పై పెదవి ఉబ్బిపోయింది. కళ్లు గీతల్లా మిగిలాయి. ఇందాకటి నుంచి జొల్లూ, కక్కూ చూస్తున్నామే గానీ మొహం ఎవరమూ చూడలేదు.

"ఇది మందు కాదు" అన్నాడు దేవ్లా. "భద్రాచలంల ఎండు రొయ్యలు తిన్ననాడు నా మూతి గిట్లనే అయ్యింది. యాదికుందా మేడం? ఒళ్లంత గిట్లనే లేచింది. దీనికి సూది పడలే."

యాదికి ఉండకపోవడమేమిటి! ఆ రోజు బడిపిల్లలు అతన్ని చూసి పొట్టలు పట్టుకుని నవ్వారు.

వెంకటనారాయణ గారు చెంబు పట్టుకుని ఇంకా ముందుకు వస్తున్నారు. దేవ్లా ఆ చెంబు లాక్కుని గట్టు కింద పారబోశాడు. పెద్దమనిషి చేతిలోంచి అతను ఏదైనా లాక్కోవడం నేను చూడడం అదే మొదటిసారి. ఆయనకు కోపం వచ్చింది. కానీ కుక్క కాళ్లు వణుకుతూ పక్కకు ఒరగడం చూసి, "సరే సరే, పొండి, బండి తిప్పు" అని ఆయనే ఆటోను వెనక నుంచి నెట్టారు.

భూర్యా నా ఒళ్లో పడింది. పడిందంటే, దేవ్లా తెచ్చి పడేశాడు. వద్దనే సమయం లేదు. కల్వర్టు దగ్గర సిగ్నల్ దొరుకుతుందని ఆ దారిలో తిరిగే అందరికీ తెలుసు. అక్కడ ఆపి ఫోన్ చేశాను.

"నోట్లో ఏం పొయ్యకండి" అన్నాడు డాక్టర్ ముందుగానే. "నీళ్లు కూడ వద్దు. గొంతు వాచి ఉంటది. చిగుళ్లు చూడండి, ఎర్రగ ఉన్నయా, తెల్లబడ్డయా?"

కుక్క పెదవి ఎత్తాలి. నా చేత్తో. జన్మలో కుక్క నోటి దగ్గరికి వేలు పోనిచ్చినదాన్ని కాదు. కళ్లు మూసుకుని ఎత్తి, మూసుకుంటే ఏం కనిపిస్తుందని నన్ను నేనే తిట్టుకుని, తెరిచి చూశాను. సున్నం పూసినట్టున్నాయి.

"తెల్లగా ఉన్నాయి. ఊపిరి ఈల వేస్తున్నట్టుంది."

"వెంటనే రాండ్రి. సూదులు రెడీగ పెడుతున్న. మెడ వంగకుండ చూడండి."

ఆ దారి రోజూ తిరిగే దారే. ఆ పొద్దు దానికి ఎన్ని మలుపులున్నాయో! పత్తి ట్రాక్టరొకటి రోడ్డంతా తనదే అన్నట్టు పోతోంది. దేవ్లా హారన్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు. "పక్కకు తియ్యన్నా, పక్కకు" అని బతిమాలాడు, బూతులు తిట్టాడు, మళ్లీ బతిమాలాడు. నేను కుక్క మెడ చాపి పట్టుకుని, దాని పక్కటెముకలు లేవడం, పడడం చూస్తున్నాను. లేచిన ప్రతిసారీ ఇంకోసారి లేస్తుందా అని లెక్కపెడుతున్నాను. నిన్నటిదాకా భయపడ్డ జంతువు కోసం నాకంత ఆరాటం ఎక్కడిదో తెలియదు.

డాక్టర్ గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. ఆటోలోనే తొడకు ఒక సూది వేశాడు. లోపలికి తీసుకెళ్లి ఇంకో రెండు. మూతి తుడిచి ముక్కు దగ్గర చెవి పెట్టి విన్నాడు. ఈల తగ్గింది. డాక్టర్ పెదవి ఎత్తి చూపించాడు. చిగుళ్లలో కొంచెం రంగు తిరిగింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

అప్పుడు తిట్టాడు డాక్టర్. "అరగంట కూర్చోమన్ననా లేదా? ఇక్కడుంటే మొహం ఉబ్బంగనే ఒక్క సూదితోని పోయేది. పైంగ సబ్బు నీళ్లా? ఊపిరితిత్తుల్లకు పోతే ఏమైతుండె?"

దేవ్లా తల ఎత్తలేదు.

"సూదిమందు తప్పు లేదు, కుక్క తప్పు లేదు" అన్నాడు డాక్టర్ కొంచెం మెత్తబడి. "వందల్ల ఏదో ఒకదానికి పడదు. పడలేదని తెలిసినప్పుడు మనం పక్కన ఉండాలె, గంతే. ఇంకోసారి ఎవరు సూది ఏసినా ముందుగాల ఈ సంగతి చెప్పు. సాయంత్రం దాక ఇక్కడనే ఉంచు. తగ్గిందనుకున్నంక కూడ ఒక్కోసారి మళ్ల లేస్తది."

సాయంత్రం దాకా దేవ్లా నేల మీద కూర్చున్నాడు. భూర్యా తల అతని తొడ మీద. కదిలితే అది మూలుగుతుంది కాబట్టి కదల్లేదు. వేళ్లు మాత్రం నేల మీద దరువేస్తూనే ఉన్నాయి. నేను బడికి సెలవు చెప్పి బెంచీ మీద కూర్చున్నాను. మధ్యలో అతని ఫోన్ మోగింది. నాయక్. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ మోగింది. దేవ్లా దాన్ని బోర్లా పెట్టాడు.

"మేడం" అన్నాడు. "ఈ ఒక్క రాత్రి దీన్ని మీ ఇంట్ల కట్టేస్తరా?"

"ఎందుకు?"

"పొద్దుగాలకు వాపు పోతది. అప్పుడు తీస్కపోతే ఎవరికి తెల్వదు. ఏం కాలేదని చెప్త."

నాకు ఒళ్లు మండిపోయింది. "ఇవాళ నీ కుక్క మొహం దాస్తావు. రేపు ఇంకో కుక్క మొహం వాస్తే అప్పుడేం దాస్తావు? వాళ్లు కూడా సబ్బు నీళ్లే పోస్తారు దేవ్లా. లేదంటే పిచ్చి లేచిందని కర్రలే తీస్తారు."

"చెప్తే ఒక్క కుక్క రాదు. రాకుంటే అన్ని సస్తయి. చెప్పకుంటే అన్ని బతుకుతయి మేడం. మీరే చెప్పండ్రి, ఏది మంచిది?"

అతని మాటలోనూ న్యాయం ఉంది, అదే నాకు మరీ చిరాకు తెప్పించింది. అబద్ధం మీద బతికిన కుక్కలు ఎన్నాళ్లు బతుకుతాయని అడగాలనుకున్నాను, అడగలేదు. పంతులమ్మ మాటలు చెప్పడం తేలిక. ఆ తండాలో ఉండాల్సింది అతను.

పొద్దు వాలకముందు డాక్టర్ వదిలాడు. కళ్లు తెరుచుకున్నాయి గానీ మూతి ఇంకా లావుగానే ఉంది. ఆటో మా వీధి మలుపు దగ్గర ఆగింది. నేను దిగి, కుక్క తాడు కోసం చెయ్యి చాపాను. అవును, చాపాను. కట్టేసుకుందామనే. దేవ్లా తాడు ఇవ్వలేదు. చెయ్యి కిందికి పోనిచ్చి తాళం తిప్పాడు. ఇంజిన్ ఆగిపోయింది. దారి మధ్యలో అతని ఆటో అంత నిశ్శబ్దంగా ఉండడం నేనెప్పుడూ చూడలేదు.

"ఎవలన్నా ఒకలు కుక్క పక్కన కూసోవాలంటే, ఎందుకు కూసోవాల్నో తెల్వాలె గద మేడం" అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు. మళ్లీ స్టార్ట్ చేసి తండా దారి పట్టాడు. నేను పరుగెత్తి ఎక్కాను.

నాయక్ వాకిట్లో జనం ఉన్నారు. కుక్క మూతి చూడగానే ఒక్కసారి గోల లేచింది. దేవ్లా అంతా చెప్పాడు. అరగంట కూర్చోమంటే కూర్చోలేదని చెప్పాడు, సబ్బు నీళ్లు పోశామని చెప్పాడు, చిగుళ్లు తెల్లబడ్డాయని, చచ్చిపోయేదని, చావలేదని చెప్పాడు. దాచుకున్నది ఏమీ లేదు.

"గట్లనే అవుతదని మేం ముందే చెప్పినం గద" అన్నాడు నాయక్. "నువ్వే అన్నవు, ఏమన్నా అయితే మా ఇష్టమని."

"అవ్. అన్న."

ఎవరి ఇళ్లకు వాళ్లు పోయారు. హేమ్లి ఒక్కతే కొంతసేపు నిలబడి భూర్యాను చూసింది. తర్వాత తనూ వెళ్లిపోయింది. ఇక అయిపోయిందనుకున్నాను. ఎవరి ఇంట్లో ముందు అన్నంలో మందు కలుపుతారో అనుకుంటూ ఆ రాత్రంతా నా గదిలో దొర్లాను.

మర్నాడు డాక్టర్ రవీందర్ మంచుడబ్బాతో బడికి వచ్చాడు. బడి వరండాలో బల్ల వేశాం. పక్కనే, ఏ కుక్కకైనా పడకపోతే వేసే సూదులు కూడా విడిగా పెట్టుకున్నాడు. దేవ్లా భూర్యాను పట్టుకుని మెట్టు మీద కూర్చున్నాడు. దాని మూతి మామూలైపోయింది. ఒక్కరూ రాలేదు. పిల్లలు కూడా కిటికీల్లోంచి చూస్తున్నారు గానీ అడుగు బయట పెట్టడం లేదు. డాక్టర్ రెండుసార్లు టైం చూశాడు.

అప్పుడు హేమ్లి వచ్చింది, కర్ర పట్టుకుని. భూర్యా దేవ్లా వెనక్కి జరిగింది. ఆమె కర్ర గోడకు ఆనించి, మెట్టు మీద కూలబడింది.

"దీనికి పడలేదని ఎట్ల తెలిసింది?" అని అడిగింది.

"మూతి ఉబ్బింది యాడీ" అన్నాడు దేవ్లా. తల్లి వయసు ఆడవాళ్లను తండాలో అలాగే పిలుస్తారు. "ఒళ్లంత దద్దుర్లు. కక్కింది. జొల్లు. ఊపిరి ఆడలే."

"గిన్ని అయినయా?"

"గిన్ని అయినయి."

"అయినా బతికిందా?"

"బతికింది. సారు సూది ఏసిండు."

హేమ్లి భూర్యా మూతి వంక చూస్తూ ఉండిపోయింది. తర్వాత నా వైపు తిరిగింది. ఆమె నాతో నేరుగా మాట్లాడడం అదే మొదటిసారి.

"నా కిషన్ సూది ఏపిచ్చుకుంటనన్నడు టీచరమ్మా. కొత్తగూడెం దవాఖానాకు పోతనన్నడు. నేనే వద్దన్న. బొడ్డు చుట్టు పద్నాలుగు సూదులు ఏస్తరంట, పడకుంటే ఆడనే పానం పోతదంట అని ఆపిన. పడకున్నా బతుకుతరని నాకు ఎవ్వరు చెప్పలే." ఆమె గొంతు పెరగలేదు. "గిది కుక్క. గిది బతికింది. మరి నేనెందుకు ఆపిన?"

దేవ్లా ఆమె చెయ్యి పట్టుకోబోయి ఆగిపోయాడు. డాక్టర్ మంచుడబ్బా మూత తెరిచి, ఏమీ తియ్యకుండానే మూశాడు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

హేమ్లి లేచింది. కర్ర తీసుకోలేదు. నేరుగా బడి ఎదురింటికి, నాయక్ ఇంటికే నడిచింది. మేమూ వెనకే పోయాం. నాయక్ గుమ్మంలో అడ్డం నిలబడ్డాడు గానీ, ఆమె మొహం చూసి పక్కకు తప్పుకున్నాడు. వాళ్ల నల్లకుక్క ఆమెను చూడగానే మంచం కిందికి దూరి, గోడకు అంటుకుపోయింది. ఏడాదిగా ఆమె చేతి దెబ్బలు తిన్న కుక్క అది. అది ఎందుకు వస్తుంది?

ఆమె నేల మీద మోకాళ్లు ఆనించి, మంచం కిందికి వంగింది. ఖాళీ చెయ్యి చాపింది. కుక్క గుర్రుమంది. ఆమె చెయ్యి తియ్యలేదు.

"రా బిడ్డా" అంది. "సూది ఏపిచ్చుకుందం రా. నేను గూడ వస్త, పక్కన కూసుంట."